అరక్షణం ముందు

తోడికోడళ్ళు జుట్లు పట్టుకుంటే వీధికి వేడుక అంటారు. ఆ ఇంటి తోడికోడళ్ళు జుట్టు జోలికి పోకుండా కాలర్లు పట్టుకునేవాళ్ళు. అదీ చెప్పి మరీ, వారానికి మూడు సాయంత్రాలు.

కింద డ్రైక్లీనింగ్ కొట్టు, పైన ఇల్లు. మామగారు గల్లా దగ్గర, అన్నదమ్ములిద్దరూ వెనక మిషన్ల దగ్గర, కోడళ్ళిద్దరూ ముందు వైపు. వచ్చిన బట్ట జేబులు తడమడం, నంబరు గుడ్డముక్కను పిన్నుతో గుచ్చడం, మరకను వెలుగులో పట్టి చూసి ఇది పోతుంది, ఇది పోదు అని ముందే తేల్చి చెప్పడం చిన్నకోడలి పని. ఇస్త్రీ పెద్దకోడలిది. చిన్నకోడలు ఏ మరకనైనా తేల్చేది కానీ తన విషయానికొస్తే ఏదీ తేల్చుకోలేకపోయేది. చీర కొనాలన్నా, పుట్టింటికి ఏ రోజు వెళ్ళాలన్నా, తలనొప్పికి మాత్ర వేసుకోవాలా వద్దా అన్నా, "అక్కా, నువ్వు చెప్పు" అనేది. పెద్దకోడలు చెప్పేది. అలా చెప్పడం ఆమెకు ఇష్టంగానే ఉండేది.

జూడో ఆ ఇంట్లోకి పెద్దకోడలి కూతురి వెంట వచ్చింది. పిల్లను హాల్లోకి పంపి తల్లులంతా బయట బల్ల మీద కూర్చుని లోకాభిరామాయణం నడిపించేవాళ్ళు. నేర్పే మాస్టారు పగలు అద్దాల కొట్టులో కిటికీ అద్దాలు కోసే మనిషి. ఒకరోజు తలుపు సందులోంచి తల బయటపెట్టి, "ఇక్కడ కూర్చుని ఊళ్ళోవాళ్ళ మీద పడే బదులు లోపలికొచ్చి మ్యాట్ మీద పడొచ్చుగా తల్లీ" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దకోడలు మాత్రం లేచి వెళ్ళింది. ఏడాది తిరక్కుండా కూతురు మానేసి బొమ్మలేయడానికి పోయింది, తల్లి మిగిలిపోయింది. తన బరువుకు సరిపడే జోడీ దొరక్క, తోడికోడల్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

"నన్ను కొట్టడానికా ఏమిటే ఈ నేర్చుకోవడం?" అంది అత్తగారు.

"నీకేం భయంలే. ముందు వాళ్ళిద్దరూ తేల్చుకోవాలిగా. నీ వంతు వచ్చేసరికి వాళ్ళకీ మోకాళ్ళ నొప్పులొస్తాయి" అన్నాడు మామగారు గల్లా మూస్తూ.

జూడోలో మొదట నేర్పేది పడటం. గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రంగా చేసి, నేల తగిలే ముందు అరచేత్తో చాపను చరచాలి. ఆ తరువాతే విసరడం. విసరడం నేర్చుకోవాలంటే పడే మనిషి ఒకరు కావాలి. పట్టు పట్టగానే బిగుసుకుపోతే నేర్చుకునేవాళ్ళకు ఏదీ రాదు. అందుకని పడే మనిషి ఒళ్ళు వదులుగా ఉంచి, లాగిన వైపు కాస్త వెళ్ళాలి. పెద్దకోడలు ఇందులో ఆరితేరింది. చిన్నకోడలు భుజం కిందికి దూరి తిరగగానే ఈమె మడమలు ఒక చిన్న ఎగురు ఎగిరేవి. ఆ ఎగురుతో చిన్నకోడలి విసురు నీళ్ళ మీద గుడ్డ పరిచినట్టు నున్నగా సాగేది. చూసినవాళ్ళు చేస్తున్న పని ఆపి చూసేవాళ్ళు.

"పెద్దమ్మా, ఆ ఎగురుడు మానుకో" అనేవాడు మాస్టారు. "నువ్వు ఆవిడకి సాయం చేస్తున్నావనుకుంటున్నావు."

"నేనెక్కడ ఎగిరాను మాస్టారూ? అదే విసిరింది."

"ఆహా! నాకు కళ్ళు అద్దాలు కొయ్యడానికే ఇచ్చాడు దేవుడు."

రంగు బెల్టులన్నీ ఇలా పట్లు చూపించి ఇద్దరూ ఒకరి వెనక ఒకరు తెచ్చుకున్నారు. నల్ల బెల్టుకు అది చాలదు. పొద్దున పట్లు చూపించాలి, మధ్యాహ్నం పోటీకి దిగాలి. ఎదుట ఎవరు నిలబడతారో ముందు తెలియదు. అలాంటివి రెండు గెలవాలి. పెద్దకోడలు ఎలాగో లాగి పీకి, చూడ్డానికి ఏమంత బాగుండని రెండు గెలుపులతో కిందటేడు బెల్టు కట్టుకుంది. చిన్నకోడలు రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ వట్టి చేతులతో వచ్చింది. పొద్దున పరీక్షకులు ఆమె పట్లు చూసి తలలూపారు. మధ్యాహ్నం ముక్కూ ముఖం తెలియని మనిషి కాలర్ పట్టుకుని కసిరినట్టు గుంజేసరికి ఆమె చేతులు మొద్దుబారిపోయాయి.

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. అద్దాల కొట్టుకే వెళ్ళి అడిగింది.

"దాని పట్టు మీ దగ్గర ఇంకెవరికన్నా ఉందా మాస్టారూ?"

"లేదు." ఆయన కొలబద్ద పక్కన కోత గీస్తున్నాడు.

"మరి బెల్టు ఇవ్వడానికి ఈ కుస్తీ దేనికి? వచ్చినదాన్ని వచ్చినట్టు చూసి ఇవ్వొచ్చుగా."

ఆయన గీత పూర్తి చేశాడు. అద్దాన్ని బల్ల అంచు మీదికి జరిపి టక్కున విరిచాడు. "సరేనన్న మనిషిని ఎవరైనా పడేస్తారమ్మా. వద్దన్న మనిషిని పడెయ్యాలి. ఆవిడ్ని వద్దన్నవాళ్ళు మన హాల్లో ఎవరున్నారు? మొదటి తప్పు నీది కాదులే, నాది. మీ ఇద్దరినీ విడదీసి వేరేవాళ్ళతో ఆడించాల్సింది. చూడముచ్చటగా ఉన్నారని వదిలేశాను."

పెద్దకోడలికి ఆ మాట రుచించలేదు. ఏదో చేతగాక చెప్పే మాటలా అనిపించింది.

అంతలో ఇంకో సంగతి వచ్చి పడింది. దగ్గర్లోని ఆడపిల్లల బడిలో జూడో మొదలుపెడతామన్నారు. నేర్పడానికి ఒక ఆడమనిషి కావాలి, నల్ల బెల్టు ఉండాలి. పెద్దకోడలిని అడిగితే కొట్టులో ఇస్త్రీ వదిలి రాలేనంది. "మా చిన్నీ ఉంది, ఈసారి పరీక్షకు వెళ్తోంది" అని చెప్పింది. ఆటల టీచరు పరీక్ష అయ్యేదాకా ఆగుతానంది.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ చిన్నకోడలు అన్న మాట పెద్దకోడలికి బాగా గుర్తుండిపోయింది. "అక్కా, ఈ పని నాకు కావాలి." అంతే. నువ్వు చెప్పు అనలేదు. వెళ్ళనా అని అడగలేదు. కావాలి అంది. ఆ ఇంటికి వచ్చాక ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు.

పరీక్ష రోజు హాల్లో ఆడవాళ్ళు తక్కువ వచ్చారు. ఒకామెకు జ్వరం, ఇంకొకామె బరువు తూకంలో పక్క తరగతిలోకి పోయింది. పొద్దున పట్లు ఎప్పటిలాగే అయ్యాయి. మధ్యాహ్నం మొదటి ఆటలో చిన్నకోడలు అందరూ ఆశ్చర్యపోయేలా ఒక పొడుగాటి నర్సమ్మను నేలకు అదిమిపట్టి, లేవకుండా ఉంచి గెలిచింది. జాకెట్టు చెదిరి, ముఖం ఎర్రబడి, తానే నమ్మలేనట్టు నవ్వుతూ వచ్చింది. ఇంకొక్కటి గెలవాలి. ఎదుట నిలబడటానికి మనిషి లేదు.

అలాంటప్పుడు బెల్టు ఉన్నవాళ్ళను దించడం మామూలే. అధికారులు చుట్టూ చూశారు. ఆ బరువులో ఉన్నది పెద్దకోడలు ఒక్కతే.

మాస్టారు ఆమెను పక్కకు పిలిచాడు. "ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. వచ్చే పరీక్షకి వేసుకోవచ్చు."

"వచ్చేది ఎప్పుడో! బడివాళ్ళు అందాకా ఆగుతారా?"

"అయితే ఆడు. కానీ నిజంగా ఆడు. చాప మీద అక్క లేదు, చెల్లి లేదు. మాటిస్తావా?"

"అయ్యో, ఆడకేం మాస్టారూ."

ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో వేరే ఉద్దేశమేమీ లేదు. గట్టిగానే పట్టింది. మొదట చిన్నకోడలే వెనక్కి తగ్గింది. తరువాత ఏమైందో, ఆ మొద్దుబారిన చేతులు మెల్లగా మేలుకున్నాయి. ఒకసారి ఈమె కాలు తప్పించుకుని పక్కకు దూకింది. ఒకసారి ఈమె లాగిన లాగుడును అంతే బలంగా తిరిగి లాగింది. ఇంట్లో ఎన్నడూ చూడని ముఖం అది. కింది పెదవి పంటికింద పట్టి, కళ్ళు ఈమె కళ్ళల్లో పెట్టకుండా ఛాతీ మీద నిలిపి, అచ్చం మరకను వెలుగులో చూసినట్టు చూస్తోంది.

గడియారం ఆఖరికి వస్తోంది. చిన్నకోడలు ఈమె చేతిని గుంజి, భుజం కిందికి దూరి తిరిగింది. పెద్దకోడలు తుంటి కిందికి దించి ఆపగలదు. ఆపడం తెలుసు. ఆపబోయింది కూడా. కానీ ఆ పంటికింద పెదవి, ఆ బడి, ఆ 'కావాలి' అన్న మాట అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు నిలిచాయో, లేక ఏళ్ళ తరబడి అలవాటైన మడమలు ఆమెను అడక్కుండానే తమ పని చేసుకుపోయాయో, చిన్నకోడలు ఇంకా లాగకముందే ఈమె గాల్లో ఉంది. వీపు ఫెడేలున చాపకు తగిలింది. రిఫరీ చెయ్యి గెలుపు గుర్తుగా నిటారుగా పైకి లేచింది.

చప్పట్లు మోగాయి. పెద్దకోడలు పడుకునే నవ్వింది. తల తిప్పి చూస్తే చిన్నకోడలు నవ్వడం లేదు. తన రెండు చేతుల వంకా చూసుకుంటోంది, చేతిలో పట్టుకున్నదేదో జారిపోయినదానిలా.

మాస్టారు ఆమె నడుముకు నల్ల బెల్టు కట్టాడు. పెద్దకోడలి వైపు ఒక్కసారి చూసి, తన చెప్పులు వెతుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఒకటే సందడి. "రాజ్యం చిన్నదాని చేతికొచ్చింది. పెద్దదాన్ని ఎత్తి కుదేసిందట" అని మామగారు వచ్చిన ప్రతి బేరగాడికీ చెప్పాడు. "ఇంక మనం నోరెత్తకూడదురా అన్నయ్యా" అన్నాడు చిన్నకోడలి మొగుడు. చిన్నకోడలు అందరికీ టీ ఇచ్చింది, అడిగినదానికల్లా జవాబు చెప్పింది.

మర్నాడు పొద్దున కొట్టులో ఇద్దరే ఉన్నారు. పెద్దకోడలు ఒక కోటు భుజాలకు ఆవిరి పట్టిస్తోంది. చిన్నకోడలు గుడ్డముక్కకు పిన్ను గుచ్చుతూ, తలెత్తకుండా అంది:

"అక్కా, నీ బరువు నా చేతుల మీదికి రాలేదు."

"ఏమిటీ?"

"విసిరితే బరువు వస్తుంది. భుజం మీద ఆగుతుంది, తరువాత వెళ్తుంది. నిన్న రాలేదు. నేను లాగేసరికి నువ్వు లేవు."

"పిచ్చిదానా! అంత వేగంగా విసిరావు, తెలియలేదంతే. రిఫరీ గుడ్డివాడా?"

చిన్నకోడలు ఇంకో పిన్ను తీసింది. "నర్సమ్మ బరువు తెలిసిందిగా. అంతా తెలిసింది. చెయ్యి ఇప్పటికీ నొప్పి పుడుతోంది."

అబద్ధం మీద అబద్ధం వేసి ఇస్త్రీ చేస్తే ముడత పోదని పెద్దకోడలికి తెలుసు. ఆవిరిపెట్టె పక్కన పెట్టింది. "చూడు చిన్నీ, నీకు కావాలన్నావు. నేను చూస్తూ ఎలా ఆపను? నీ మీద ప్రేమతోనే కదే..."

"ప్రేమ కాదని నేనన్నానా?"

"మరి?"

"ఆ తిరుగుడు బాగా తిరిగానక్కా. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ తిరగలేదు. నువ్వు ఆపి ఉంటే ఏమయ్యేదో. ఆపలేకపోయేదానివేమో."

ఆ సంగతి పెద్దకోడలికి తోచనే లేదు. తాను ఇస్తున్నాననుకుంది. చిన్నకోడలు తన చేత్తో తీసుకోబోతున్నదేమో అన్న ఆలోచనే రాలేదు.

"సరే, సాయంత్రం హాలుకు పోదాం" అంది. "మళ్ళీ విసురు. ఈసారి ఆపుతాను. ఒట్టు."

వెళ్ళారు. మాస్టారు పిల్లల చేత దొర్లుడు చేయిస్తున్నాడు, వీళ్ళ వైపు రాలేదు. చిన్నకోడలు పట్టుకుంది, తిరిగింది. పెద్దకోడలు తుంటి దించి బండరాయిలా నిలబడింది. విసురు ఆగిపోయింది. మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. ఆ తరువాతి సారి పెద్దకోడలు పడింది.

"ఇప్పుడు?" అంది చాప మీద నుంచే, ఆయాసపడుతూ. "ఇది నిజం. ఒట్టు, ఇది నువ్వే."

చిన్నకోడలు చెయ్యి అందించి లేపింది. "ఏమో."

"ఏమో ఏమిటే! చెబుతున్నాగా."

"నువ్వు ఆపితే పంతానికి ఆపావేమో అనిపిస్తోంది. పడితే మళ్ళీ దయతలిచావేమో అనిపిస్తోంది. ఎటైనా నమ్మకం రావడం లేదక్కా. నీ తప్పని కాదు."

నిజానికి పెద్దకోడలికి కూడా తెలియలేదు. ఆ మూడోసారి తన మడమలు ఎగిరాయా, లేవా? ఒళ్ళంతా వెతుక్కున్నా జవాబు దొరకలేదు. తన కాళ్ళ మీద తనకే నమ్మకం లేకపోవడం ఎలా ఉంటుందో ఆ సాయంత్రం తెలిసింది.

మరో రెండు రోజులకు చిన్నకోడలు బడికి వెళ్ళి, ఆ పని చెయ్యలేనని చెప్పి వచ్చింది. ఎవరినీ అడగలేదు. ఇంట్లో తెలిసేసరికి అంతా అయిపోయింది.

"బెల్టు ఉందిగా! వాళ్ళకి కావలసింది బెల్టే కదే!" పెద్దకోడలు మెట్ల మీదే పట్టుకుని అడిగింది. "ఎవరికి తెలుసు? నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

"వాళ్ళ ముందు నిలబడి ఏం నేర్పను? ఎవరో ఒక పిల్ల తన స్నేహితురాలి కోసం మెత్తగా పడుతుంది. అలా పడకూడదు అని చెప్పాలిగా. ఏ మొహంతో చెప్పను?"

"మాస్టారితో చెప్పావా?"

"చెప్పాను. ఎత్తిన చెయ్యి రిఫరీ దించడమ్మా, బెల్టు నీదే అన్నారు. కట్టుకోవడం మానుకోవడం నీ ఇష్టం అన్నారు."

ఆమె మానుకుంది. నల్లదానికి ముందుదైన బ్రౌన్ బెల్టుతోనే హాలుకు వెళ్ళేది. తన వారాలు మార్చుకుంది. బస్సు కండక్టరు ఒకామె, కూరగాయల మార్కెట్‌లో మూటలెత్తే ఇంకొకామె ఉన్న జట్టులో చేరింది. మోచేతుల మీద నల్లటి కమిలిన మచ్చలతో తిరిగి వచ్చేది. "ఎవరే అది, మా పిల్లని ఇలా బాదింది?" అని అత్తగారు నూనె రాస్తుంటే, "కండక్టరమ్మ అత్తయ్యా. చిల్లర లేదంటే ఊరుకోదు" అని నవ్వేది. ఆ నవ్వులు పెద్దకోడలు పక్క గదిలోంచి వినేది. ఒకప్పుడు ఆ మచ్చలు తన ఒంటి మీద ఉండేవి, ఆ నవ్వులు ఇద్దరివీ.

ఇంట్లో మాటలు లేకపోవడమంటూ ఏమీ లేదు. చిన్నకోడలు కూర ఉప్పు చూపించేది, పిల్లకు జడ వేసేది, అక్కా అని పిలిచేది. "అక్కా, నువ్వు చెప్పు" మాత్రం పోయింది. అది పోవడం మంచిదే కదా అని పెద్దకోడలు తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. మంచిదే. అయినా ఆ మాట వినపడని ఇల్లు ఆమెకు కొత్త కాపురంలా అనిపించేది.

బడిలో పని వేరే ఊరి అమ్మాయికి ఇచ్చారు. ఆ పిల్లల తెల్ల జాకెట్లు ఉతకడానికి ఈ కొట్టుకే వచ్చాయి. చిన్నకోడలు వాటికి ఒక్కొక్కదానికీ నంబరు గుచ్చుతుంటే పెద్దకోడలు చూడలేక వెనక మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

తరువాతి పరీక్షకు చిన్నకోడలు మళ్ళీ పేరిచ్చింది. బెల్టు ఉన్న మనిషి మళ్ళీ రావడం ఏమిటని అక్కడివాళ్ళు గొణిగారు. మాస్టారు ఏదో నచ్చజెప్పి, ఊరికే ఆడనివ్వండి, లెక్కలోకి రాకపోయినా సరే అన్నాడు. అంటే గెలిచినా కొత్తగా వచ్చేదేమీ లేదు. పరీక్ష రోజు పెద్దకోడలు పిలవకుండానే వెళ్ళి, హాల్లో పైన మెట్ల మీద అందరి వెనక కూర్చుంది.

ఎదుట నిలబడ్డామె బలిష్ఠంగా ఉంది, తొందర మనిషి. మొదట్లోనే చిన్నకోడల్ని చాప అంచుదాకా తోసుకుపోయింది. పెద్దకోడలి నాలుక చివరిదాకా కేక వచ్చింది: ఎడమ చెయ్యి వదలకు! వేళ్ళు ఒళ్ళో బిగించుకుని ఊరుకుంది. చిన్నకోడలు చెయ్యి వదిలేసింది, మళ్ళీ పట్టుకుంది, మోకాళ్ళ మీద పడి లేచింది. చాలాసేపటికి, ఇద్దరూ రొప్పుతూ ఒకరి మీద ఒకరు వాలి ఉన్నప్పుడు, ఆమె ఒక్కసారిగా కిందికి దూరి తిరిగింది. అందంగా ఏమీ లేదు. మధ్యలో ఆగినట్టయింది. ఎదుటామె బరువు ఆమె భుజం మీద నిలబడిపోయింది, కాళ్ళు వణికాయి. అప్పుడు ఆ బరువు మెల్లగా పక్కకు ఒరిగి, కుప్పగా కింద పడింది.

చిన్నకోడలు రిఫరీ చెయ్యి కూడా చూడలేదు. వంగి, కింద ఉన్నామెను అడుగుతోంది: "గట్టిగా తగిలిందా?"

"తగలక? నా తుంటి విరగ్గొట్టి పైగా అడుగుతావా? ముందు నన్ను లేపవమ్మా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. పెద్దకోడలు చప్పట్లు కొట్టింది. చుట్టూ అందరూ కొడుతున్నారు, అందులో ఆమె చప్పుడు వేరుగా వినపడే అవకాశం లేదు.

ఇంటికి బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చారు. చిన్నకోడలు అక్కను చూసి ఎందుకొచ్చావని అనలేదు. కిటికీలోంచి గాలి వస్తుంటే జుట్టు విప్పి మళ్ళీ ముడేసుకుంది. బాగా ఆడావు అని చెప్పాలని పెద్దకోడలికి దారంతా ఉంది. ఆ మాట తన నోట ఇక చెల్లదేమోనని భయపడి, దానికి బదులు ఎన్నాళ్ళుగానో లోపల తిరుగుతున్నది పైకి అనేసింది:

"ఆ రోజు కూడా నువ్వు నన్ను పడేసేదానివే చిన్నీ. నేను ఆపినా పడేసేదానివి. ఇవాళ చూశాక తెలిసింది."

చిన్నకోడలు ఆమె వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. అదుంటే బాగుండుననిపించింది పెద్దకోడలికి.

"పడేసేదాన్నో లేదో," అంది, "అది ఇంక ఎవరికీ తెలియదక్కా."

బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. ఒక ముసలామె వీళ్ళ సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది. చిన్నకోడలు లేచి తన చోటు ఇచ్చి, ముందుకు వెళ్ళి నిలబడింది.